పరాయి కన్ను, పొరుగు కన్ను

సేంద్రియ పంటతో ఒక చిక్కుంది. దాని గొప్పతనం కంటికి కనబడదు. మందు కొట్టిన కందిపప్పునూ కొట్టని కందిపప్పునూ పక్కపక్కన పోస్తే ఏది ఏదో చెప్పగల మొనగాడు లేడు. రుచిలో తేడా తెలుస్తుందనేవాళ్లు ఉన్నారు గానీ ఆ ఒక్క మాట నమ్మి కిలోకు యాభై రూపాయలు ఎక్కువ పెట్టేవాళ్లు తక్కువ. అందుకే కొనేవాడి తరఫున ఎవరో ఒకరు చేను చూసి రావాలి, చూసి వచ్చి మాట ఇవ్వాలి. ఆ చూసేది ఎవరన్న ప్రశ్నకు ప్రపంచమంతటా రెండు జవాబులు నిలబడ్డాయి. ఊరితో ఏ సంబంధమూ లేని మనిషి చూడాలన్నది ఒకటి. పక్క చేని రైతే చూడాలన్నది ఇంకొకటి. మొదటిదాన్ని మూడో పక్షం ధ్రువీకరణ అంటున్నారు. రెండోదానికి భాగస్వామ్య హామీ పద్ధతి అని పేరు, వాడుకలో పీజీఎస్. రెండూ తెలుగు నేలమీద పాతుకున్నవే. రెండింటిమీదా నాకు ఇష్టం ఉంది, రెండింటిమీదా ఫిర్యాదులూ ఉన్నాయి.

మొదటి దారి పట్నం పాఠకుడికి బాగా తెలిసినదే. సూపర్ మార్కెట్ అరల్లో పప్పుల ప్యాకెట్ల మీద ‘ఇండియా ఆర్గానిక్’ ముద్ర చూడనివారు తక్కువ. దాని వెనక 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ఉంది. నడిపేది అపెడా, అంటే వ్యవసాయోత్పత్తుల ఎగుమతుల సంస్థ. పై శాఖ వాణిజ్యం. ఈ పుట్టుకే దాని స్వభావం చెబుతుంది. పైరు గురించి కాదు, ఓడ ఎక్కే సరుకు గురించి ఆలోచించి రాసిన నియమావళి అది. రైతు దరఖాస్తు పెట్టి రుసుము కట్టాలి. పొలం పటం గీయాలి, విత్తనం ఎక్కడిదో, ఎరువు ఏమిటో, గట్టు అవతలివాడు ఏం కొడుతున్నాడో పుస్తకంలో రాయాలి. ఏడాది పంటలకైతే విత్తడానికి ముందు రెండేళ్లు, కాఫీ, మామిడి లాంటివాటికి తొలి కోతకు ముందు మూడేళ్లు మార్పిడి కాలం గడవాలి. ఏడాదికోసారి తనిఖీదారు వస్తాడు. చూసినవాడే తీర్పు చెప్పడు. అతని నివేదిక మీద సంస్థలో మరొకరు నిర్ణయం తీసుకుంటారు. ఆ సంస్థను తనిఖీ చేసే సంస్థ ఇంకోటి పైన ఉంటుంది. అపనమ్మకాన్ని అంచెలంచెలుగా పేర్చి నమ్మకం కట్టే పద్ధతి ఇది.

రెండో దారి దీనికి తలకిందులు. కనీసం అయిదుగురు రైతులు, ఒకే ఊరివాళ్లో పక్క ఊరివాళ్లో, ఒక జట్టు కడతారు. మందులు, రసాయన ఎరువులు వాడమని అందరి ముందూ ప్రతిజ్ఞ చేస్తారు. ఒకరి చేను ఇంకొకరు తిరిగి చూస్తారు. చూసిందాన్ని జట్టు సమావేశంలో పెడతారు, ఎవరు నిలిచారో ఎవరు తప్పారో అక్కడే తేలుస్తారు. ఆ తీర్మానం ప్రాంతీయ మండలికి వెళ్తుంది, అక్కడి నుంచి సర్టిఫికెట్ వస్తుంది. మార్పిడిలో ఉన్న పంటకు ‘పీజీఎస్ గ్రీన్’, మార్పిడి పూర్తయినదానికి ‘పీజీఎస్ ఆర్గానిక్’. అక్కడ వాణిజ్య శాఖ అయితే ఇక్కడ వ్యవసాయ శాఖ. అక్కడి కాగితం ఓడ ఎక్కుతుంది. ఇక్కడి కాగితం దేశం సరిహద్దు దాటి చెల్లదు. అక్కడ రుసుము పెద్ద ఖర్చు. ఇక్కడ పెద్ద ఖర్చు సమయం: సమావేశాలకు పోయే పూటలు, పక్కవాడి చేలో తిరిగే గంటలు. ఆ సమయానికి ఎవరూ ధర కట్టరు కాబట్టి పీజీఎస్ ఉచితమని చెప్పుకుంటున్నాం. ఆ ఖర్చు రైతు భరిస్తున్నాడన్నది మాత్రం నిజం.

వీటిలో పెద్దది ఏది, చిన్నది ఏది? మూడో పక్షం పద్ధతి అసలైనదనీ, దాని ఖర్చు భరించలేని పేదల కోసం తర్వాత తెచ్చిన చౌక రకం పీజీఎస్ అనీ అధికారుల మాటల్లో తరచు ధ్వనిస్తుంది. చరిత్ర ఈ వరసను ఒప్పుకోదు. ఫ్రాన్స్‌లో 1964లో పుట్టిన ‘నాత్యూర్ ఏ ప్రోగ్రె’ అనే రైతు, వినియోగదారుల సంఘం ఈనాటికీ సభ్యులే ఒకరినొకరు చూసుకునే పద్ధతిలో నడుస్తోంది. అమెరికాలో 1973లో మొదలైన కాలిఫోర్నియా సర్టిఫైడ్ ఆర్గానిక్ ఫార్మర్స్ ఇవాళ పేరుమోసిన ధ్రువీకరణ సంస్థ. మొదట్లో అక్కడా రైతుల పొలాలు రైతులే తిరిగి చూసుకున్నారు. అంటే పొరుగు కన్నే అక్క. పరాయి కన్ను తర్వాత వచ్చింది, అదీ చట్టం చెయ్యి పట్టుకుని వచ్చింది. ఐరోపా 1991లో సేంద్రియ నిబంధన తెచ్చి, ఆ పేరుతో అమ్మాలంటే తనిఖీ తప్పనిసరి చేసింది. తర్వాత ఐఎస్ఓ ప్రమాణాలు ధ్రువీకరించేవాడికీ ధ్రువీకరణ పొందేవాడికీ మధ్య గోడ కట్టాయి. ఆ గోడతో అప్పటిదాకా మర్యాదైన పొరుగువాడి మాట పక్షపాతం కిందికి వచ్చేసింది.

చట్టం తోసేసిన ఆ పాత పద్ధతిని మళ్లీ పేరు పెట్టి పిలిచింది దక్షిణార్ధగోళం. బ్రెజిల్ దక్షిణ రాష్ట్రాల్లో 1998లో ఏర్పడిన ఎకోవీదా రైతుల వల దానికి బలమైన ఉదాహరణ. 2004లో ఆ దేశంలోనే టోరెస్ పట్టణంలో ప్రపంచ సేంద్రియ ఉద్యమాల సమాఖ్య ఐఫోమ్, లాటిన్ అమెరికా వ్యవసాయ పర్యావరణ ఉద్యమం కలిసి జరిపిన సదస్సులో ఈ చెదురుమదురు ప్రయత్నాలన్నీ ఒక గొడుగు కిందికి వచ్చాయి. బ్రెజిల్ చట్టం రెండు పద్ధతులకూ గుర్తింపు ఇచ్చింది. మన దేశంలో 2006లో గోవాలో జరిగిన సమావేశం దగ్గర ఈ కథ మొదలవుతుంది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ చేయూత దానికి ఉంది. 2011లో స్వచ్ఛంద సంస్థలు కలిసి పీజీఎస్ ఆర్గానిక్ కౌన్సిల్‌ను గోవాలో రిజిస్టర్ చేశాయి. జహీరాబాద్ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, అనంతపురం టింబక్టు కలెక్టివ్ అందులోవే. ప్రభుత్వ పీజీఎస్ 2015లో వచ్చింది. అంటే మన దేశంలో ఇది సర్కారు ఇచ్చిన వరం కాదు, ఉద్యమం నడిపి చూపించాక సర్కారు ఎత్తుకున్న బిడ్డ.

ఇక తెలుగు నేల మీదికి వద్దాం. ఆదిలాబాద్ వైపు చేతనా ఆర్గానిక్ 2004 నుంచి గిరిజన రైతులతో సేంద్రియ పత్తి పండిస్తోంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక చుట్టూ ఊళ్లన్నీ ఆ విత్తనంతో నిండిపోతున్న కాలం అది. ఆ మధ్యలో జన్యుమార్పిడి లేని విత్తనం వెతికి తెచ్చి, గట్టు పక్కన హద్దు వరసలు వదిలి, ఆ దూది ఐరోపా దుకాణంలో చొక్కా అయ్యేదాకా జాడ చెడకుండా చూడాలంటే పొరుగువాడి మాట సరిపోదు. జిన్నింగ్ మిల్లు, నూలు మిల్లు, రంగుల పని, కుట్టుపని, ఒక్కో మెట్టు దగ్గరా సరుకు చేతులు మారుతుంది. ప్రతి చేతి మార్పుకూ లావాదేవీ పత్రం కావాలి. అరకు కాఫీదీ ఇదే కథ. సిల్వర్ ఓక్ నీడలో, మిరియం తీగల పక్కన పండిన ఆ గింజ 2017లో పారిస్‌లో సొంత దుకాణం తెరిచేదాకా ప్రయాణించింది, 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. పారిస్‌లో కప్పు ఎత్తేవాడికి అరకు లోయ కొండవాలు ఎలా ఉంటుందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అతని బదులు ఒక పరాయివాడు కొండ ఎక్కి వచ్చాడన్న కాగితం చాలు. దూరం పెరిగేకొద్దీ కాగితానికి విలువ పెరుగుతుంది, అందులో తప్పేమీ లేదు.

జహీరాబాద్ ఎర్రనేలల మీద లెక్క వేరు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న కమతాలవాళ్లు. జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, పుంటి, ఇంకా లెక్కలేనన్ని ఒకే చెలకలో కలిపి విత్తే వ్యవసాయం వాళ్లది. ఈ చేను ఒక తనిఖీదారు పట్టికలో ఎలా ఇముడుతుంది? ఒక సర్వే నంబరు, ఒక పంట, ఒక దిగుబడి అంచనా అని గళ్లు గీసిన కాగితం మీద ఇరవై పంటల చేను గజిబిజిగా కనబడుతుంది. పక్క చేని లక్ష్మమ్మకో నర్సమ్మకో అందులో గజిబిజి లేదు. యూరియా చల్లితే ఆకు ముదురు రంగు తిరుగుతుందని ఆమెకు తెలుసు. మందు కొడితే గాలి చెబుతుంది, ఖాళీ డబ్బా గట్టు మీద చెబుతుంది. తనిఖీదారు ఏడాదికి ఒక్క రోజు వస్తాడు, వచ్చే రోజు ముందే చెప్పి వస్తాడు. పొరుగామె ఆ తోవనే రోజూ కలుపుకు పోతుంది. అక్కడి కొర్ర ఎక్కువ దూరం ప్రయాణించదు. ముందు ఇంటికి, తర్వాత సంఘం దుకాణానికి, అటు తర్వాతే పట్నానికి. తినేవాళ్లలో సగం మందికి చేను ఎవరిదో తెలిసిన చోట హామీ చూపు మీద నిలబడుతుంది, కాగితం దాన్ని ఖాయం చేస్తుంది అంతే.

అలాగే అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల టింబక్టు కలెక్టివ్ పని. అక్కడ పీజీఎస్ హామీతో పాటు ధరణి అనే రైతు సహకార సంఘం ఉంది. పంట కొనేది, దంచేది, పిండి పట్టేది, అమ్మేది ఆ సంఘమే. పొరుగు కన్ను గట్టు దాకానే చూడగలదన్న లోపాన్ని ఇక్కడ ఈ అమరిక కొంత పూరిస్తుంది, ఎందుకంటే గోదాము తలుపు తీసేదీ రైతుల సంఘమే. జనగామ జిల్లా ఏనబావి ఇంకో దారి పట్టింది. ఊరు ఊరంతా రసాయనాలు మానేసింది. ఊరంతా ఒకే మాట మీద ఉన్నప్పుడు హద్దు వరసల బాధ లేదు, గాలికి కొట్టుకొచ్చే మందు బాధ లేదు, దాచుకోవడానికి చోటూ లేదు.

కొలతల తేడా ఇంత ఉన్నా ఇద్దరిదీ ఒకే వృత్తి అని మరిచిపోకూడదు. రెండు పద్ధతులూ గింజను పరీక్షించి ముద్ర వేయవు. పండించిన తీరును చూసి వేస్తాయి. ప్రయోగశాల పరీక్ష అనుమానం వచ్చినప్పుడు వాడే ఆయుధమే తప్ప రెండింటికీ పునాది కాదు. ప్యాకెట్ మీద ముద్ర చూసి ‘ఇందులో మందు అవశేషం సున్నా అని తేల్చారు’ అనుకునే పాఠకుడు రెండు చోట్లా పొరబడుతున్నాడు. పరాయివాడైనా పొరుగువాడైనా చూసింది చేనును, ఇచ్చింది మాట.

ఆ మాట తప్పిన సందర్భాలూ రెండు వైపులా ఉన్నాయి. పరాయి కంటి జబ్బు కాగితం. చేను బదులు కాగితాన్ని చూడటం మొదలైతే, కాగితాన్ని పుట్టించేవాళ్లు పుడతారు. 2020లో అంతర్జాతీయ సేంద్రియ వస్త్ర ప్రమాణం గాట్స్ ఒక సంగతి బయటపెట్టింది. భారత్‌లో 20,000 టన్నుల పత్తికి దొంగ లావాదేవీ పత్రాలతో సేంద్రియ ముద్ర పడిందని. ఆ పత్రాల మీది క్యూఆర్ కోడ్ నొక్కితే అపెడా పేరుతో నడిపిన నకిలీ వెబ్‌సైట్ తెరుచుకునేది. ఇక్కడ మోసపోయింది చేను కాదు. చేనుతో పని లేకుండానే మోసం జరిగిపోయింది. అదే ఏడాది ఐరోపాలో భారత నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ బయటపడింది. అది పొలంలో కొట్టే మందు కాదు, కోత తర్వాత సూక్ష్మజీవుల్ని చంపడానికి పట్టే పొగ. 2021 చివరలో ఐరోపా సంఘం ఇక్కడి కొన్ని ధ్రువీకరణ సంస్థలకు గుర్తింపు తీసేసింది. అదే ఏడాది మొదట్లో అమెరికా కూడా మన ధ్రువీకరణను అంగీకరించే ఒప్పందం నుంచి తప్పుకుంది. తనిఖీదారు జీతం చివరికి తనిఖీ చేయించుకునేవాడు కట్టిన రుసుము నుంచే వస్తుందన్న పాత సందేహం ఇలాంటప్పుడు తల ఎత్తుతుంది. దూరాన్ని జయించడానికి పుట్టిన పద్ధతిని దూరమే ఓడించిందని చెప్పుకోవాలి.

పొరుగు కంటి జబ్బు మొహమాటం. పిల్లనిచ్చిన ఇంటి చేలో యూరియా సంచి కనబడితే సమావేశంలో నోరు తెరవగలిగేవాడు ఎంతమందిలో ఒకడు? అదే పొలం పాత కక్షదారుది అయితే లేని సంచి కూడా కనబడుతుంది. ఊరంటే సమానుల సభ కాదు. అక్కడ కులం ఉంది, అప్పు ఉంది, సర్పంచి ఉన్నాడు. కౌలుకు తీసుకున్నవాడు భూమి యజమాని చేను గురించి ‘మందు కొట్టాడు’ అని రాయగలడా? జహీరాబాద్‌లో ఆ సంఘాల హామీ నిలబడడానికి ఒక కారణం అక్కడి సభ్యులు ఇంచుమించు ఒకే స్థితి ఉన్న స్త్రీలు కావడం. ఒకరి ముందు ఒకరు నోరెత్తగలిగిన బలం ముందే కూడింది, సర్టిఫికెట్ తర్వాత వచ్చింది. ఈ బలం లేని చోట పీజీఎస్ ఫారాలు నింపడంతో ముగుస్తుంది. పరంపరాగత్ కృషి వికాస్ యోజన అనే కేంద్ర పథకం కింద 2015 నుంచి దేశమంతా క్లస్టర్లు కట్టి పీజీఎస్‌ను పరచడం మొదలయ్యాక ఈ ప్రమాదం పెరిగింది. ప్రపంచంలో పీజీఎస్ రైతుల్లో ఎక్కువమంది మన దేశంలోనే ఉన్నారని చెప్పుకోవడానికి బాగుంటుంది. పొరుగువాళ్లను లక్ష్యం పెట్టి తయారు చేయలేమన్నది మాత్రం ఆ అంకె చెప్పదు.

రెండు కళ్ల గుణం, దోషం ఒకే చోట పుడుతున్నాయని ఇక్కడ తెలుస్తుంది. పరాయివాడికి కులం తెలియదు, బంధుత్వం తెలియదు, అది అతని గొప్ప. పరాయివాడికి నేల తెలియదు, కాలం తెలియదు, అది అతని లోటు. పొరుగువాడికి నేల తెలుసు కాబట్టి చూపు పదును. ఊరు తెలుసు కాబట్టి నాలుక బరువు. సంబంధం కుదుర్చుకునేటప్పుడు మనవాళ్లు కూడా ఇదే చేస్తారు. పక్క ఊరి సంబంధమైతే బావి దగ్గర నలుగురినీ అడుగుతారు, అమెరికా సంబంధమైతే కాగితాలు తెప్పిస్తారు. అడిగి మోసపోయినవాళ్లూ ఉన్నారు, కాగితాలు చూసి మోసపోయినవాళ్లూ ఉన్నారు.

మరో విషయం ఉంది, దీన్ని రెండు పక్షాల వకీళ్లూ తొందరగా దాటేస్తారు. సర్టిఫికెట్ ఎవరి పేరున ఉంది? ఎగుమతి దారిలో చిన్న రైతు ఒంటరిగా రుసుము కట్టలేడు. అందుకే గుంపు ధ్రువీకరణ వచ్చింది. మన నియమాల్లో 25 నుంచి 500 మంది దాకా ఒక గుంపు. ఆ గుంపు ఖర్చు చాలా చోట్ల ఎగుమతిదారే పెట్టాడు, కాబట్టి కాగితం అతని చేతిలో ఉండిపోయింది. ఏళ్లపాటు మందు మాని చేనును మార్చింది రైతు, ఆ మార్పుకు పట్టా మాత్రం వ్యాపారిది. ధర నచ్చక ఇంకొకరికి అమ్మబోతే ఆ ధాన్యం ఉన్నట్టుండి మామూలు ధాన్యమైపోతుంది. పీజీఎస్‌లో ఈ దోపిడీకి తావు తక్కువ, కాగితం జట్టుది, జట్టు రైతులది. అయితే ఆ కాగితం మోసుకుపోయే బజారు చిన్నది. ఒక చోట పెద్ద బజారు ఉంది, దాని తాళం రైతు చేతిలో లేదు. ఇంకో చోట తాళం ఉంది, తెరవడానికి బజారు పెద్దగా లేదు.

ఇంత దూరం వచ్చాక ఈ ఇద్దరూ ఎంత దగ్గరివాళ్లో చూద్దాం. గుంపు ధ్రువీకరణలో తనిఖీదారు అందరి చేలకూ పోడు. చాలాకాలం వాడిన లెక్క వర్గమూలం, అంటే 400 మంది ఉంటే ఓ 20 చేలు. మిగతా 380 చేలు ఎవరు చూస్తారు? గుంపు సొంత నియంత్రణ వ్యవస్థ. అంటే ఊరి కుర్రాళ్లే పుస్తకం పట్టుకుని చేను చేనుకూ తిరుగుతారు. పరాయి కంటి లోపల పొరుగు కన్ను తిరుగుతోందన్న మాట, దానికి వేరే పేరు పెట్టారంతే. అలాగే పీజీఎస్‌లో జట్టు తీర్మానం మీద ప్రాంతీయ మండలి కూర్చుంది, గాజియాబాద్‌లోని జాతీయ కేంద్రం దాని మీద కూర్చుంది, ప్రతి రైతు వివరమూ కంప్యూటర్‌కు ఎక్కుతోంది. పొరుగు కంటికి పరాయి కళ్లద్దం పెట్టారు. ఒకటి మరొకటి లేకుండా నడవలేకపోతోందని ఆచరణే ఒప్పుకుంది, సిద్ధాంతమే ఇంకా ఒప్పుకోవడం లేదు.

నియమాలు రాసే సంస్థలు కూడా ఇదే వైపు కదులుతున్నాయి. ప్రతి దేశం తన సేంద్రియ ముద్రకు తన నియమం రాసుకుంటూ పోతే చిన్న రైతు ఎన్ని కాగితాలు నింపాలన్న చింతతో 2003లో ఆహార వ్యవసాయ సంస్థ, వాణిజ్యాభివృద్ధి సంస్థ అంక్‌టాడ్, ఐఫోమ్ కలిసి ఒక కార్యదళం పెట్టుకున్నాయి. ఒక దేశం నియమాన్ని ఇంకో దేశం సమానంగా ఒప్పుకోవడం ఎలాగన్నదే దాని పని. ఆ దారికి 2013లో ఐక్యరాజ్య సమితి సుస్థిర ప్రమాణాల వేదిక తోడైంది. ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం, అంక్‌టాడ్, పర్యావరణ కార్యక్రమం, పారిశ్రామికాభివృద్ధి సంస్థ, ఈ అయిదూ అందులో భాగస్వాములు. 2016లో మన నాణ్యతా మండలి దానికి జోడుగా ఢిల్లీలో జాతీయ వేదిక తెరిచింది. ఐఫోమ్ ఒక్కటే రెండు పడవల మీదా నిలబడింది. ధ్రువీకరణ సంస్థలను పరీక్షించే సంస్థను పుట్టించిందీ అదే, పీజీఎస్‌కు నిర్వచనం ఇచ్చిందీ అదే. ఆ నిలబాటు అవకాశవాదం కాదు, తెలివి.

కాకపోతే ఈ వేదికలన్నీ దేశానికీ దేశానికీ మధ్య సమానత్వం గురించి మాట్లాడినంతగా పద్ధతికీ పద్ధతికీ మధ్య సమానత్వం గురించి మాట్లాడలేదు. అందులో మన ఆహార భద్రతా సంస్థ ఒక అడుగు ముందే వేసింది. 2017 నిబంధనల్లో దేశంలో అమ్మే సేంద్రియ ఆహారానికి రెండు పద్ధతుల్లో ఏదైనా సరేనని చెప్పింది, రెండింటికీ ‘జైవిక్ భారత్’ అనే ఒకే ముద్ర ఇచ్చింది. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్న చిన్న రైతు నేరుగా తినేవాడికి అమ్మితే ఏ సర్టిఫికెట్టూ అడగనంది. చేను తెలిసినవాడికి కాగితం అక్కర్లేదని చట్టమే ఒప్పుకున్న సందర్భం ఇది. ఐరోపా 2022 నుంచి అమలు చేస్తున్న కొత్త నిబంధనలో గుంపుకు సొంత న్యాయ అస్తిత్వం ఉండాలంది, సభ్యులు రైతులే కావాలంది, 2,000 మంది మించకూడదంది. మన ఎగుమతి నియమావళి కూడా 2025లో వచ్చిన ఎనిమిదో కూర్పులో రైతు గుంపుకు చట్టబద్ధ హోదా ఇచ్చింది. ఐరోపావాళ్లు తమ భద్రత కోసం చేసిందే అయినా దీని ఫలం ఇక్కడి రైతుకు అందవచ్చు. వ్యాపారి జేబులో ఉన్న కాగితం గుంపు పెట్టెలోకి రావడానికి దారి పడింది. పీజీఎస్ మొదటి నుంచీ చెబుతున్న మాటను, పేరెత్తకుండానే, పరాయి పద్ధతి స్వీకరించిందనుకోవచ్చు.

మరి తీర్పు? దూరాన్ని బట్టి కన్ను. అరకు గింజ, ఆదిలాబాద్ దూది సముద్రం దాటాలి, వాటికి పరాయి కన్ను కావాలి. దాన్ని తిట్టి లాభం లేదు, కాగితానికి బదులు చేను చూసేలా చేయడమే పని. జహీరాబాద్ కొర్ర, చెన్నేకొత్తపల్లి వేరుశనగ దగ్గరి కడుపులకు పోతాయి. వాటికి పొరుగు కన్ను చాలు. దాన్ని తక్కువ చేసి చూడకూడదు, అలాగని క్లస్టర్ల లెక్క కోసం అచ్చు వేసి పంచకూడదు. రెండింటికీ ఒకే గీటురాయి పెడతాను. సర్టిఫికెట్ పండించినవాడి పేరున ఉందా, తప్పు కనబడ్డప్పుడు చెప్పినవాడికి ఊళ్లో తల దాచుకునే చోటుందా? ఈ రెంటికీ అవునని చెప్పగలిగిన పద్ధతి ఏదైనా సరే మంచిదే. రెంటికీ కాదంటే ఎంత అందమైన ముద్ర అయినా దానికి అదనంగా ఒక్క రూపాయి పెట్టడం దండగ.

చివరిగా పాఠకుడికి ఒక మాట. పీజీఎస్ నిర్వచనంలో రైతుతో పాటు తినేవాడూ భాగస్వామే. మన దేశంలో ఆ కుర్చీ చాలావరకు ఖాళీగా ఉంది. తినేవాడు చేను చూడటానికి రాకపోవడం వల్లే పొరుగు కంటికి మొహమాటం, పరాయి కంటికి పెత్తనం వచ్చాయి. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. రబీ జొన్న కంకి మీద ఉన్నప్పుడు ఒక ఆదివారం వెళ్లి, మీరు కొనే పంట జట్టువాళ్లను అడిగి, వాళ్ల సమావేశంలో ఒక మూల కూర్చుని రండి. మీరు వెళ్తే ఆ జట్టుకు మూడో కన్ను వచ్చినట్టే.